గడారి పట్టిన చిన్నయ్యగారు

పల్లెలకు పాస్టర్లు కాబోయే కుర్రాళ్ళకు అనంతపురం కరువు సీమ ఏం నేర్పుతోంది?

అడుగు లోతు దాటగానే మొరుసు తగిలింది. గడారి దిగడం లేదు. ఖంగుమని మోగి ఎగిరి వెనక్కి వస్తోంది. మే నెల, పొద్దున తొమ్మిది కాలేదు, అప్పుడే నెత్తిన నిప్పులు పోసినట్టుంది. కల్యాణదుర్గం వైపు ఒక పల్లె. ఊరి చివర తుమ్మచెట్ల పక్కన సమాధుల దొడ్డి. గుంత తవ్వడానికి వచ్చింది అయిదుగురే. ముగ్గురికి అరవై దాటాయి. నాలుగోవాడు పదో తరగతి పిల్లోడు. అయిదోవాడు తెల్లచొక్కా చేతులు పైకి మడుచుకుని నిలబడ్డ సెమినరీ విద్యార్థి. వాడలో ఒంట్లో సత్తువ ఉన్న మగవాళ్ళంతా బెంగళూరులో కట్టుబడి పనుల్లో ఉన్నారు. చనిపోయిన అవ్వ కొడుకులు కూడా అక్కడే బస్సెక్కారు, మధ్యాహ్నానికి గానీ దిగరు.

ఆ కుర్రాడు రాత్రంతా కూర్చుని ప్రసంగం రాసుకున్నాడు. పునరుత్థానం గురించి మూడు భాగాలుగా, వాక్యాల ఆధారాలతో. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంది. "చిన్నయ్యగారూ, మీరు నీడకు పోండి, మేం చూసుకుంటాం" అన్నాడు పెద్దాయన ఆయాసపడుతూ. కుర్రాడు పోలేదు. గడారి అందుకున్నాడు. మొదటి పోటుకే అది పక్కకు జారింది.

"అట్ల కాదు నాయనా. నిలువుగా ఎత్తు. బరువు గడారిది, నీది కాదు. ఎత్తి వదిలిపెట్టు, అదే దిగుతాది."

పది నిమిషాలకు అరచేతుల్లో బొబ్బలు లేచాయి. గుంత పూర్తయ్యేసరికి ఒంటిగంట. తవ్వుతున్నంతసేపూ ముసలివాళ్ళు పోయిన మనిషి గురించే మాట్లాడుకున్నారు. మూడు గంటలకు భూస్థాపన జరిగింది. జేబులో కాగితం చెమటకు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. అతను దాన్ని బయటికి తీయనే లేదు. 1952 గంజి కరువు నాడు తమ్ముణ్ణి చంకనేసుకుని గంజి కేంద్రం ముందు నిలబడ్డ పిల్ల ఈ అవ్వేనని చెప్పాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ తన కొట్టం ముందు నుంచి ఎవరినీ ఉత్త కడుపుతో పోనివ్వలేదని చెప్పాడు. ఒక వాక్యం చదివి ప్రార్థన చేశాడు. అంతా కలిపి పది నిమిషాలు పట్టలేదు. బెంగళూరు నుంచి వచ్చిన కొడుకులు గట్టు మీద కూలబడి ఏడ్చారు.

ఆ అవ్వ మాకు దూరపు చుట్టం. ఆ పది నిమిషాలు విన్నాకే ఈ కథనం రాయాలనిపించింది.

పల్లెకు అయ్యగారు కావలెను

ఈమధ్య సంఘపెద్దలు నలుగురు ఎక్కడ కలిసినా ఒకటే మాట. పల్లెకు అయ్యగారు నిలవడం లేదు. వచ్చినవాళ్ళు పిల్లల చదువుల కోసం పట్నంలో కాపురం పెట్టి, ఆదివారం బండి మీద వచ్చి ఆరాధన ముగించుకుని పోతున్నారు. ఒక్కో పాస్టరేటు కింద పది, పదిహేను ఊళ్ళుండటం మామూలే. పట్నం చర్చికి బదిలీ అయితే దీవెన, పల్లెకు వేస్తే శిక్ష అన్న భావన ఎవరూ పైకి అనరు గానీ, అందరి మనసుల్లోనూ ఉంది.

దీనికి ఆ కుర్రాళ్ళను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. పల్లె సంఘం బతికేది కానుకల మీద. కానుకలు వచ్చేది కోత పండుగకు. ఆ ఆదివారం గుడిలో బలిపీఠం ముందు శనక్కాయల మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, సద్ద కంకులు వరసగా పెడతారు. ఆరాధన అయ్యాక వేలం పాడతారు. అయిదు వందలు చేయని పుంజును వెయ్యికి పాడి, దాన్ని మళ్ళీ గుడికే ఇచ్చేసే విశ్వాసులను చూశాను. వాన పడని ఏడు ఆ వరస చిన్నదైపోతుంది. రైతుకూలీతో పాటే అయ్యగారి పొయ్యి కూడా ఆరిపోతుంది. పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం కొన్నేళ్ళ క్రితం ప్రకటించినప్పుడు పట్నాల్లో రాజకీయ చర్చ నడిచింది. పల్లె అయ్యగారి ఇంట్లో మాత్రం ఆ డబ్బుకు బియ్యం ఎన్ని వస్తాయని లెక్కేసుకున్నారు.

వాన తప్పించుకుపోయే చోటు

అనంతపురం మీద వానకు కోపం లేదు, దారి లేదంతే. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసి తేలికైపోయి ఇటు వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపి, ఇంత దూరం రాకముందే అలిసిపోతాయి. రెండు వానాకాలాల మధ్య ఎండిన నేల ఇది. ఎర్రమట్టి అడుగో, అడుగున్నరో. కింద మొరుసు, దాని కింద బండ. పడ్డ నాలుగు చినుకులనూ పట్టి ఉంచే లోతు నేలకు లేదు.

ఈ నేల మీద ఒకప్పుడు దాదాపు 20 లక్షల ఎకరాల్లో ఒక్క శనక్కాయే వేశారు. కొర్ర, సద్ద, ఆరిక పక్కకు పోయాయి. పంట తప్పితే తినడానికి గింజ లేదు, అమ్మడానికి కాయ లేదు. బోరు వేస్తే అప్పు, నీళ్ళు పడకపోతే ఇంకో బోరు. 1990ల చివరి నుంచి రైతు ఆత్మహత్యల వార్తల్లో ఈ జిల్లా పేరు లేని ఏడాది లేదు. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశమంతటికీ ఇక్కడి నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించడం ఊరికే జరగలేదు.

ఇలాంటి చోట గురువుగా ఉండేవాడికి హీబ్రూ, గ్రీకు తెలియాలా? తెలియాలి. నేను చదువుకు వ్యతిరేకిని కాను. పల్లె వాళ్ళకు సగం చదువు చాలన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ వాటితో పాటు ఇంకో భాష తెలియాలి. పదును, అదును, గెనిమ, కార్తె, వడ్డీ, వలస. ఈ మాటలు తెలియనివాడు ఇక్కడి జనంతో ఏ దుఃఖమూ పంచుకోలేడు.

కాలువ గట్టు మీద సెమినరీ

తెలుగు నేల మీద ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1876–78 నాటి ధాత కరువు మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చిపెట్టినప్పుడు, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒక పని చేశాడు. బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకు పని చూపించాడు. తన దగ్గరి తెలుగు బోధకులను తవ్వేవాళ్ళ మధ్య మేస్త్రీలుగా నిలబెట్టాడు. పగలు మట్టి లెక్క, కూలి లెక్క. సాయంత్రం గుడారాల ముందు కథ, పాట. పక్కనే రామాయపట్నంలో, ఇప్పుడు ఓడరేవు పేరుతో మనం వింటున్న ఊళ్ళో, 1870ల్లోనే బాప్టిస్టుల సెమినరీ మొదలైంది. కానీ ఆ బోధకులకు అసలైన పరీక్ష జరిగింది కాలువ గట్టు మీదేనని నా నమ్మకం.

ఇందులో ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. కరువు పని నడిచినన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం మతంలోకి వచ్చారనే మాట వాళ్ళ మీద పడకూడదని. పని ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను అందరూ చెప్పుకుంటారు. అంతకు ముందు ఆపిన నెలలను ఎవరూ చెప్పరు. పల్లె సేవ నేర్చుకునే ప్రతి విద్యార్థికీ మొదటి పాఠం ఆ ఆపిన నెలల గురించే ఉండాలి. కరువులో పెట్టే అన్నానికి ఏ షరతూ ఉండకూడదు.

మెథడిస్టుల కథ మెదక్‌లో ఉంది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ అక్కడ కరువు రోజుల్లో జనానికి పని కల్పించాలనే 1914లో పెద్ద గుడి కట్టడం మొదలుపెట్టాడు. పదేళ్ళ కూలి, పదేళ్ళ కూడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఇవాళ సెల్ఫీలు దిగుతున్న 175 అడుగుల ఆ శిఖరం కింద ఉన్నది కూలీల కడుపు నింపిన పునాది. ఆ చుట్టుపక్కల పల్లెలకు వెళ్ళే ఉపదేశులు నేర్చుకున్నదీ ఆ పరిసరాల్లోనే.

ఇక దోర్నకల్. తిరునెల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు. ఆయన ఎడ్లబండి మీద, సైకిలు మీద ఊళ్ళు తిరిగాడు. దోర్నకల్ శిక్షణలో విద్యార్థులు భార్యాపిల్లలతో వచ్చి ఉండేవారు. పుస్తకంతో పాటు చేతిపని, సేద్యం ఉండేవి. భార్యలకూ చదువు చెప్పేవారు. మురికి, రోగం, అప్పు, సారాయి అనే నలుగురు శత్రువుల మీద ఆయన యుద్ధం ప్రకటించాడు. 1945లో ఆయన చనిపోయేనాటికి దోర్నకల్ అధ్యక్ష ఖండంలో (డయాసిస్‌లో) విశ్వాసులు రెండు లక్షలు దాటారు. వాళ్ళలో అత్యధికులు మాల, మాదిగ వాడల పేదలు. వాళ్ళకు గురువులైనవాళ్ళలోనూ ఎక్కువమంది ఆ వాడల్లో పుట్టినవాళ్ళే.

■ గుడి బయట గురువు

మెథడిజానికి ఆద్యుడు జాన్ వెస్లీ 1739లో బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల కార్మికులకు ఆరుబయట నిలబడి బోధించాడు. గుడి లోపలికి రానివాళ్ళ దగ్గరికి తానే వెళ్ళాడు.

1742లో ఒక ప్రార్థన మందిరం అప్పు తీర్చడానికి, పన్నెండు మందికి ఒకరు చొప్పున ఇంటింటికీ వెళ్ళి వారానికో పెన్నీ వసూలు చేసే ఏర్పాటు జరిగింది. వసూలుకు వెళ్ళినవాళ్ళకు ఇళ్ళలోని కష్టాలు కనపడ్డాయి. మెథడిస్టుల 'క్లాస్ మీటింగ్' అలా పుట్టింది.

వైద్యుడికి డబ్బివ్వలేని పేదల కోసం 1747లో వెస్లీ ఇంటివైద్యం పుస్తకం కూడా రాశాడు.

హుస్సేన్‌సాగర్ దిగువ నుంచి

అనంతపురం, గుత్తి ప్రాంతాల్లో మొదట పనిచేసింది లండన్ మిషనరీ సొసైటీ. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సి.ఎస్.ఐ.) ఏర్పడ్డాక ఈ ఊళ్ళ గుళ్ళన్నీ అందులోకి వచ్చాయి. రాయలసీమ డయాసిస్ 1950లో ఏర్పడింది. అమెరికన్ మెథడిస్టుల సంఘాలు మాత్రం వికారాబాద్, జహీరాబాద్ వైపు విడిగానే నిలిచి, 1981 నుంచి మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా ఉన్నాయి.

ఈ సంఘాల కుర్రాళ్ళు ఒకే బల్ల మీద చదువుకునే చోటు ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ. రామాయపట్నం, దోర్నకల్, రాజమండ్రి లూథర్‌గిరి సెమినరీలు ఏకమై 1964లో రాజమండ్రిలో మొదలైన ఈ కాలేజీ 1970ల మొదట్లో హైదరాబాదు వచ్చింది. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర, హుస్సేన్‌సాగర్ కట్ట దిగువన ఉంది. డిగ్రీ ఇచ్చేది శ్రీరాంపూర్ సెనేట్. నాలుగైదేళ్ళ బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదువులో వారాంతపు సేవ, ఇంటర్న్‌షిప్ భాగాలు.

ఒక్క కప్పు కింద లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు పిల్లలు కలిసి చదవడం గొప్ప సంగతి. కానీ బడి పల్లె నుంచి మహానగరానికి చేరినప్పుడు కొంత పోయింది కూడా. దోర్నకల్‌లో కిటికీ తీస్తే చేను కనపడేది. ఇక్కడ ఫ్లైఓవర్ కనపడుతుంది. వారాంతపు సేవ ఎక్కువగా నగరం చర్చిలో సండే స్కూలు, పాటల బృందం, యువజన కూటం. పల్లె ఇంటర్న్‌షిప్ కొన్ని వారాల్లో ముగిసే సెలవు పని అవుతుంది. పొరుగున మదురై తమిళనాడు థియలాజికల్ సెమినరీ విద్యార్థులను ప్రాంగణం దాటించి, మురికివాడల్లో, పల్లెల్లో కాపురం ఉండి చదువుకునేలా చేసిన దారి మనకు అందనంత దూరంలో ఏమీ లేదు.

అప్పు ముందు, సారాయి తర్వాత

గడారి పట్టిన ఆ కుర్రాడు జహీరాబాద్ వైపు మెథడిస్టు కుటుంబంవాడు. ఊరేమో సి.ఎస్.ఐ. ఊరు. వచ్చిన మొదటి వారం అతని తెలంగాణ మాట వీళ్ళకు కొత్త, వీళ్ళ "పోతాండాము, వస్తాండాము" అతనికి కొత్త. ప్రసంగంలో మాత్రం ఈ రెండూ కాకుండా పాత బైబిలు తెలుగు మాట్లాడేవాడు. "చిన్నయ్యగారు బాగా చెప్పినారు, మాకే అర్థం కాల్యా" అంది ఒక అక్క, ఎంతో మర్యాదగా.

సాయంత్రం ఆరింటికి ప్రార్థన అంటే ఒక్కరూ రాలేదు. కూలికి పోయినవాళ్ళు తిరిగొచ్చి, నీళ్ళు పట్టుకుని, సంగటి కెలికి, తిని గిన్నెలు కడిగేసరికి ఎనిమిదిన్నర. అప్పుడు మొదలుపెడితే పదిమంది వచ్చారు. పాట మధ్యలో నిద్రపోయారు. వాళ్ళను లేపాలా వద్దా అని అతను నన్నడిగాడు. నాకూ తెలియలేదు. మూడోరోజు నుంచి ప్రసంగం మానేసి ఒక్క పాట, ఒక్క వాక్యం, తర్వాత "ఈరోజు ఏమైంది?" అని అడగడం మొదలుపెట్టాడు. అప్పుడు నిద్ర ఎగిరిపోయింది.

చెప్పుకున్నవి ఇవీ. ఒకామెకు వితంతు పింఛను ఆగిపోయింది, ఆధార్‌లో పుట్టిన ఏడు తప్పు పడింది. ఒకాయన బంగారం పెట్టి తెచ్చిన అప్పు వడ్డీతో అసలును దాటింది. ఇంకొకామె మొగుడు బెంగళూరు నుంచి డబ్బు పంపడం మానేసి ఆరు నెలలు, ఫోను ఎత్తడు. అజరయ్య గారి నలుగురు శత్రువుల్లో ఈ వాడలో ఇవాళ అప్పుదే మొదటి స్థానం, సారాయి దాని వెనక నడుస్తుంది. కుర్రాడి నోటుబుక్కులో ఒకవైపు ప్రసంగాల సారాంశాలుండేవి. రెండోవైపు దరఖాస్తు నంబర్లు, సచివాలయానికి వెళ్ళాల్సిన తేదీలు నిండిపోయాయి. ఆ రెండోవైపు పేజీలకు సెమినరీలో మార్కులు ఎవరైనా వేస్తారా?

వేయాలని నేను అడుగుతున్నాను. ఈ ఉమ్మడి జిల్లాలో నేర్పేవాళ్ళు లేక కాదు. 1969 నుంచి గ్రామీణాభివృద్ధి ట్రస్టు ఇక్కడి ఊళ్ళలో ఇళ్ళు, బడులు, ఆసుపత్రులు కడుతోంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి బీడు కొండలను పచ్చబరిచి, కొర్ర, సామలను మళ్ళీ చేలలోకి తెచ్చింది. ఒక్కో విద్యార్థి ఒక పంటకాలమంతా, దుక్కి నుంచి నూర్పిడి దాకా, ఒకే ఊళ్ళో ఉండి ఇలాంటివాళ్ళ దగ్గర పని నేర్చుకుంటే ఆ బి.డి. విలువ ఏమీ తగ్గదు.

అమ్మగారికి బడేది?

అయ్యగారి గురించి ఇంత రాశాక ఆయన భార్య అమ్మగారి గురించి రాయకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. కాన్పు కష్టమైతే అర్ధరాత్రి తలుపు తట్టేది అమ్మగారినే. తాగొచ్చి కొట్టే మొగుడి సంగతి ఆడవాళ్ళు చెప్పుకునేదీ ఆమెకే. బైబిలు స్త్రీలుగా ఊరూరా నడిచిన వితంతువుల పేర్లు ఏ గుడి శిలాఫలకం మీదా కనపడవు. దోర్నకల్‌లో అప్పుడు భార్యలకు దొరికిన శిక్షణ ఇప్పటి పాస్టరు భార్యలకు ఏ మాత్రం దొరుకుతోంది?

తలుపులు తెరుచుకోలేదని అనను. సి.ఎస్.ఐ.లో తొలి మహిళా గురువు అభిషేకం 1976లో జరిగింది. 2013 సెప్టెంబరులో నంద్యాలలో ఎగ్గోని పుష్పలలిత ఆ సంఘానికి తొలి మహిళా బిషప్ అయ్యారు. అదీ మన రాయలసీమలోనే. ఆమెదీ హైదరాబాదు కాలేజీ చదువే.

■ కరువు సీమ, కొన్ని గుర్తులు

ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో జైసల్మేర్ తర్వాత దీని పేరే చెబుతారు.

2022 ఏప్రిల్ 4న జిల్లా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయింది. కరువు మాత్రం ఉమ్మడిగానే ఉంది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా వర్తించదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో వర్తింపజేశారు. వాడ గుడిలో పనిచేసే ప్రతి గురువుకూ ఎదురయ్యే ప్రశ్న ఇది.

పదును

గుంత తవ్వినరోజు గడారి పట్టడం నేర్పిన పెద్దాయనే ఆ కుర్రాణ్ణి తర్వాత చేనుకు తీసుకుపోయాడు. మే చివర ఒక గాలివాన పడింది. "వాన పడింది కదా తాతా, విత్తనం వేయరా?" అనడిగాడు కుర్రాడు. పెద్దాయన కాలి బొటనవేలితో మట్టి గీకి, వంగి చేత్తో తోడాడు. పైన తడి, బెత్తెడు కింద పొడి. పిడికెడు మట్టి తీసి కుర్రాడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూయించి గట్టిగా నొక్కించాడు. తెరిస్తే ముద్ద విచ్చిపోయింది. "ఇది పదును కాదు. తడీ పొడీ కలవల్ల. జానెడు దిగల్ల. ఇప్పుడు విత్తితే మొలక లేచి మాడిపోతాది. మళ్ళీ విత్తనం కొననీకె యాడుంది?" కుర్రాడు ఇంకో రెండు చోట్ల తోడి చూశాడు. బొబ్బలు మానిన చోట కొత్త చర్మం ఎర్రగా ఉంది.

బెంగళూరు తిరిగిపోతూ అవ్వ పెద్దకొడుకు ఇంటి తాళంచెవి పక్కింటివాళ్ళకు ఇవ్వలేదు. గుడి గదిలో ఉంటున్న కుర్రాడికి ఇచ్చాడు. అప్పటికే ఆ గోడ మేకుకు అలాంటివి నాలుగు వేలాడుతున్నాయి.

జూన్ రెండోవారం రాత్రి పదింటికి ఫోను మోగింది. నేనా రాత్రి గుడి అరుగు మీదే ఉన్నాను. బెంగళూరులో ఎవరో వాన పడిందని చెప్పారట. సెలవు పెట్టి రావాలా, విత్తనాలకు మళ్ళీ అప్పు చేయాలా తేల్చుకోవాలి.

"వందనాలు చిన్నయ్యగారూ. మన చేను పదునైనాదా?"

కుర్రాడు సెల్‌ఫోను లైటు వేసుకుని చేను గట్టు దాకా నడిచాడు. మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తోడాడు. పిడికిలి బిగించి, తెరిచి, లైటు కింద చూశాడు. ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"ఇంగా కాలేదు మామా. నాలుగు వేళ్ళే దిగింది. ఇంగొక వాన పడల్ల."